రాయల్ లైవర్ భవనం: గ్రానైట్ తాపడం, కాంక్రీటు చట్రం

లివర్‌పూల్‌లో మెర్సీ నది ఒడ్డున ఉన్న రాయల్ లైవర్ భవనం ఫొటోలు చూసి మీరు మూడు సంగతులు అడిగారు: అంత ఎత్తున రాతి గోడలు ఎలా నిలిచాయి, దానిని ఎడ్వర్డ్ కాలపు కట్టడమని ఎందుకు అంటారు, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోంచి ఆ నగరం పేరు తీసేశాక భవనానికి చట్టపరమైన రక్షణ ఏమైనా మిగిలిందా అని. పాత కాంక్రీటు కట్టడాల పరిశీలన నా వృత్తి కనుక మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మిగిలిన రెండింటికీ దారి కూడా అందులోంచే దొరుకుతుంది. ఆ రాతి గోడలు భవనాన్ని మోయడం లేదు. భవనమే వాటిని మోస్తోంది.

బయట కనిపించే బూడిద రంగు గ్రానైట్ అంతా తాపడమే. దాని వెనుక ఉన్నది ఇనుప కడ్డీలు పెట్టి పోసిన కాంక్రీటు చట్రం. 1908 మే 11న శంకుస్థాపన జరిగి, 1911 జూలై 19న ప్రారంభమైన ఈ భవనానికి వాస్తుశిల్పి వాల్టర్ ఆబ్రీ థామస్. చట్రానికి వాడినది ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్స్వా హెన్నబీక్ 1892లో పేటెంటు తీసుకున్న పద్ధతి. బ్రిటన్‌లో ఆ పేటెంటుకు ప్రతినిధిగా ఉన్న లూయీ గుస్టావ్ మూషెల్ సంస్థ ఇంజనీరింగ్ లెక్కలు చూసింది. కట్టే పని ఎడ్మండ్ నట్టాల్ కంపెనీ చేసింది. అప్పట్లో ఈ పద్ధతిని ఎవరు పడితే వారు వాడుకోవడానికి వీలుండేది కాదు. మూషెల్ కార్యాలయం నక్షాలు గీసి ఇస్తే, ఆ పేటెంటుకు లైసెన్సు పొందిన కాంట్రాక్టర్లు మాత్రమే పని చేయాలి. కాంక్రీటు ఒక సరుకుగా కాక ఒక కంపెనీ వ్యవస్థగా అమ్ముడైన రోజులవి. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే ఈ భవనం చరిత్ర సగం అర్థమవుతుంది.

హెన్నబీక్ పద్ధతిలోని కీలకం స్తంభం, దూలం, శ్లాబు ఒకదానితో ఒకటి అతుక్కుపోయి ఏకశిలలా పనిచేయడం. దూలంలో అడుగున ఉన్న కడ్డీలలో కొన్నిటిని స్తంభం దగ్గరకు వచ్చేసరికి ఏటవాలుగా పైకి వంచేవారు, ఎందుకంటే దూలం నడిమి భాగంలో సాగదీత అడుగున ఉంటే, ఆధారం దగ్గర అది పైభాగానికి మారుతుంది. ఇవాళ రింగులు కట్టే చోట ఆయన చదునైన ఇనుప పట్టీలను 'యు' ఆకారంలో వంచి పెట్టించాడు. కడ్డీలు మాత్రం ఇప్పటిలా గట్లున్నవి కావు, నునుపైన గుండ్రటి కడ్డీలు. వాటికి కాంక్రీటు పట్టు తక్కువ కనుక కొసలను చీల్చో వంచో వదిలేవారు. నేడు ఏ వీధిలో మేడ కట్టినా కనిపించే పనే కదా ఇది అని మీకు అనిపించవచ్చు. అయితే 1908 నాటికి బ్రిటిష్ వాస్తుశిల్పుల సంస్థ ఈ కాంక్రీటుపై తన మొదటి నివేదిక ఇచ్చి ఒక్క ఏడాది మాత్రమే అయింది, లండన్‌లో కాంక్రీటు చట్రాలకు నిబంధనలు వచ్చింది 1915లో. అంటే నిబంధనలు పూర్తిగా రూపుదిద్దుకోకముందే రాయల్ లైవర్ అనే బీమా సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని 13 అంతస్తుల ఎత్తున ఈ పద్ధతిలో కట్టించుకుంది.

అదే ఎత్తును రాతి గోడల మీదనో ఇటుక గోడల మీదనో నిలపాలంటే ఏమయ్యేదో చెప్పడానికి షికాగోలోని మొనాడ్నాక్ భవనం చాలు. 1891లో పూర్తయిన దాని ఉత్తర భాగం 16 అంతస్తులు గోడల బలం మీదనే నిలబడి ఉంది, అందుకని నేలమట్టం దగ్గర గోడ మందం సుమారు 1.8 మీటర్లు పెట్టవలసి వచ్చింది. అద్దెకు ఇవ్వదలచిన నేలలో అంత భాగాన్ని గోడలే తినేస్తే యజమానికి నష్టం, కిటికీలు సొరంగాల్లా మారితే లోపల కూర్చున్న గుమాస్తాకు చీకటి. (ఆ భవనానికి వాస్తుశిల్పి అయిన జాన్ వెల్‌బోర్న్ రూట్ అమెరికా అంతర్యుద్ధ కాలంలో కుర్రవాడిగా లివర్‌పూల్‌లోనే ఉన్నాడు. 1864లో పీటర్ ఎల్లిస్ ఇనుము, గాజులతో కట్టిన ఓరియల్ చాంబర్స్ అనే భవనం అతడి కంటబడి ఉంటుందని ఊహించేవారు చాలామంది ఉన్నారు. ఊహగానే దానిని ఉంచుకోవడం మంచిది.) చట్రం వచ్చాక గోడకు బరువు మోసే బాధ్యత తప్పింది, గాలివానను ఆపే పనే మిగిలింది. రాయల్ లైవర్ విషయంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. అది లేచిన స్థలం సహజమైన నేల కాదు. 1771లో తెరిచిన జార్జ్ డాక్ అనే ఓడల రేవును పూడ్చివేసిన చోటు. అటువంటి చోట పునాదిని పూడిక దాటించి కింది గట్టి నేలకు దింపక తప్పదు, దాని మీదికి వచ్చే బరువు ఎంత తక్కువైతే అంత మేలు.

మరి ఉక్కు చట్రం ఎందుకు వాడలేదు అన్న సందేహం రావాలి, ఎందుకంటే లివర్‌పూల్‌కు ఉక్కు కొత్త కాదు. 1903లో పూర్తయిన రాయల్ ఇన్సూరెన్స్ భవనంలో రాతి ముఖం వెనుక ఉక్కు దాగి ఉంది. అంతకన్నా ఆసక్తికరమైనది, రాయల్ లైవర్‌కు రోడ్డు అవతల ఇదే థామస్ 1906 నుంచి 1910 మధ్య కట్టిన టవర్ బిల్డింగ్స్. దానికి ఉక్కు చట్రం, బయట తెల్లటి మెరుపు పూత పెట్టిన టెరాకోటా, అంటే కాల్చిన మట్టి. ఒకే మనిషి, దాదాపు ఒకే సమయంలో, ఎదురెదురుగా, రెండు వేర్వేరు చట్రాలను రెండు వేర్వేరు తొడుగుల కింద ప్రయత్నించాడు. కాంక్రీటు తరఫున హెన్నబీక్ ప్రచారమంతా అగ్నిప్రమాదం చుట్టూ తిరిగేది: ఉక్కు మంటల వేడికి మెత్తబడి వంగుతుంది, కాంక్రీటు తన లోపలి ఇనుమును కాపాడుతుంది అని. లక్షలాది పాలసీ కాగితాలను భద్రపరచవలసిన బీమా సంస్థకు ఆ వాదన రుచించి ఉంటుందనడంలో ఆశ్చర్యం లేదు. ఆ రెండు భవనాలనూ ఒకే చోట నిలబడి చూడగలగడం ఈ నగరానికి దక్కిన అదృష్టం. లివర్‌పూల్ వెళ్లేవారికి నేను మొదట చూడమని చెప్పేది నది వైపు దృశ్యం కాదు, ఈ రోడ్డునే.

ఇక ఎడ్వర్డ్ కాలం సంగతి. ఏడవ ఎడ్వర్డ్ ఏలినది 1901 నుంచి 1910 దాకానే అయినా, కట్టడాల చరిత్రలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే వరకు ఆ పేరునే వాడతారు. అది ఒక శైలి పేరు అనుకుంటే పొరపాటు, ఒక పరిస్థితి పేరు అనుకోవడం సబబు. వ్యాపారం సామ్రాజ్యమంతా పరుచుకుని ఉన్నది, డబ్బు ఉన్నది, లిఫ్టులు, విద్యుత్తు, టెలిఫోను, చట్రం వచ్చేశాయి, కానీ వీటన్నిటికీ తగిన రూపం ఏమిటో ఇంకా ఎవరికీ తేలలేదు. కాబట్టి కొత్త ఎముకలకు పాత బట్టలు కట్టారు. రాయల్ లైవర్ పక్కనే ఉన్న పోర్ట్ ఆఫ్ లివర్‌పూల్ భవనం 1907లో పూర్తయింది. పోర్ట్‌లాండ్ రాయి, మధ్యలో పెద్ద గుమ్మటం, చర్చికో శాసనసభకో నప్పే బరోక్ హంగు, అంటే ఐరోపా పాత ఆడంబర శైలి. రెండింటి నడుమ 1917లో పూర్తయిన క్యూనార్డ్ భవనం ఇటలీ పలాజోను (సంపన్నుల పాత భవంతిని) తలపించేలా గీసినది, దాని లోపల కూడా కాంక్రీటు చట్రమే. ఈ మూడింటినీ కలిపి 'త్రీ గ్రేసెస్' అంటారు.

ఆ మూడింటిలో రాయల్ లైవర్ ఒక్కటే ఏ పుస్తకంలోని శైలికీ పూర్తిగా లొంగదు. కింది అంతస్తుల్లో మోటుగా చెక్కిన బరువైన రాయి, లోతుగా దిగిన కిటికీలు, పైకి పోయేకొద్దీ స్తంభాల వరుసలు, మూలల్లో బురుజులు, ఆపైన అంచెలంచెలుగా సన్నబడుతూ లేచే రెండు గడియారపు గోపురాలు, ఒకటి నది వైపు, ఒకటి నగరం వైపు. బరోక్ ఛాయలున్నాయి, బైజాంటియం ఛాయలున్నాయి, అమెరికా ఎత్తు మేడల ఛాయలూ ఉన్నాయి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో వాస్తుశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న చార్ల్స్ రైలీకి ఇది బొత్తిగా నచ్చలేదు. ఆ రెండు గోపురాలూ అనవసరమని, ప్రకటనల శక్తికి తప్ప మరి దేనికీ అవి చిహ్నాలు కావని ఆయన 1921లో రాశాడు. గోపురాలు ప్రకటనలేనన్న ఆయన మాట నిజం. అయితే అది లోపమని మాత్రం నేను ఒప్పుకోను, ఆ ప్రకటన ఎవరి కోసమో చూడాలి కదా.

రాయల్ లైవర్ సంస్థ 1850లో లివర్‌పూల్‌లో ఒక సత్రపు గదిలో పుట్టిన పరస్పర సహాయ సంఘం. చనిపోయినప్పుడు గౌరవంగా పాతిపెట్టడానికి కూడా డబ్బు లేని కార్మిక కుటుంబాలు వారం వారం చిల్లర పోగుచేసుకునే ఏర్పాటు అది. 1907 నాటికి దానిలో 6,000 మందికి పైగా ఉద్యోగులు ఉన్నారు. ఇటువంటి సంస్థ అమ్మేది వస్తువు కాదు, ఎప్పుడో ముప్పై నలభై ఏళ్ల తరువాత నెరవేర్చవలసిన మాట. మీ చిల్లర ఎక్కడికీ పోదు అని రేవు కూలీకి, ఓడ ఎక్కే కళాసీకి చెప్పాలంటే నది మలుపులోంచే కనిపించే గ్రానైటు కొండ కన్నా గట్టి భాష ఆ రోజుల్లో లేదు. కాంక్రీటును కాంక్రీటుగా చూపిస్తే ఆ నమ్మకం కలిగేది కాదు. అందుచేత గ్రానైటు తాపడాన్ని మోసం అనేవారితో నేను ఏకీభవించను. భవనం పనిలో అది ఒక భాగం, చట్రం ఎంతో అదీ అంతే. గోపురాల కొసలతో కలిపి 98 మీటర్లకు పైగా ఉన్న ఎత్తును చూపించి దీనిని ఐరోపా తొలి ఆకాశహర్మ్యం అని రాసేవారు ఉన్నారు. మనుషులు పనిచేసే అంతస్తులు అంతకు చాలా కిందనే ఆగిపోతాయి కనుక ఆ బిరుదును కొంచెం తగ్గించి చదువుకోవాలి.

ప్రకటన అన్నాక గడియారాలను వదిలేయలేం. పళ్లేలు నాలుగు: మూడు నది వైపు గోపురానికి, ఒకటి నగరం వైపు గోపురానికి. ఒక్కొక్కటి 7.6 మీటర్ల వ్యాసం, లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ గడియారపు పళ్లేల కంటే పెద్దవి. లెస్టర్ నగరపు జెంట్ కంపెనీ తయారుచేసిన వీటిని 1911 జూన్ 22న అయిదవ జార్జి పట్టాభిషేక క్షణంలో నడిపించారు. బిగించకముందు ఒక పళ్లేన్ని బల్లగా వేసుకుని డైరెక్టర్లు, అతిథులు విందు ఆరగించారు. ఆ ఫొటో కంపెనీకి మరొక ప్రకటన అయింది. ఇంజనీరుగా నన్ను ఆకట్టుకునేది మాత్రం వాటిని నడిపే తీరు. నాలుగు మీటర్లు దాటిన నిమిషాల ముల్లును నది గాలికి, మంచుకు ఎదురుగా తిప్పాలంటే చిన్న విద్యుత్ స్పందన సరిపోదు. జెంట్ వారి పద్ధతిలో ముళ్లను తిప్పే బలమైన యంత్రం కొద్దిగా ముందుగానే నడిచి ఆగిపోతుంది, కచ్చితమైన ప్రధాన గడియారం నుంచి సంకేతం వచ్చాక మళ్లీ కదులుతుంది. బలం ఒకచోట, కచ్చితత్వం మరొకచోట అన్నమాట. అందుకే పాత గడియారాలను నడిపే వేలాడే బరువుల కోసం పళ్లేల వెనుక లోతైన బావి అవసరం పడలేదు. గంటల శబ్దం మాత్రం మొదట్లో లేదు. రెండు ప్రపంచ యుద్ధాలలో మరణించిన సంస్థ సభ్యుల స్మారకంగా 1953లో విద్యుత్ గంటలు పెట్టారు.

గుమ్మటాల మీది రాగి పక్షులు నగర చిహ్నమైన లైవర్ పక్షులు. ఒక్కొక్కటి దాదాపు 5.5 మీటర్ల ఎత్తు, గాలికి కదలకుండా తీగలతో కట్టి ఉంటాయి. వాటికి రూపమిచ్చిన కార్ల్ బెర్నార్డ్ బార్టెల్స్ ఇంగ్లండులో స్థిరపడిన జర్మన్ శిల్పి. తయారుచేసింది బ్రోమ్స్‌గ్రోవ్ గిల్డ్ అనే కళాకారుల సంస్థ. 1914లో యుద్ధం మొదలయ్యాక ఆయనను శత్రుదేశస్థుడిగా ఐల్ ఆఫ్ మ్యాన్‌లో నిర్బంధించి, యుద్ధం ముగిశాక కుటుంబం ఇంగ్లండులోనే ఉన్నా జర్మనీకి పంపేశారు. తరువాత ఆయన తిరిగి రాగలిగాడు. చాలాకాలం పాటు ఆ నగరం తన చిహ్నాన్ని చెక్కినవాడి పేరు తలుచుకోలేదు.

భవనం లోపలి అమరికను నిర్ణయించింది వెలుతురు. ఆ రోజుల్లో విద్యుత్ దీపం ఉన్నా, గుమాస్తా రోజంతా పద్దు రాసుకునేది కిటికీ వెలుగులోనే. కిటికీ నుంచి ఆరేడు మీటర్లు దాటిన చోటు అద్దెకు పనికిరాదు. కాబట్టి ఇంత విశాలమైన భవనాన్ని ఒకే ముద్దగా కట్టలేరు, నడుమ వెలుతురు బావులు వదలాలి. ఎడ్వర్డ్ కాలపు కార్యాలయాల్లో ఇటువంటి బావుల గోడలకు తెల్లటి మెరుపు ఇటుకలు వేయడం ఆనవాయితీ, పడిన కాస్త వెలుగూ అటూ ఇటూ తుళ్లి కింది అంతస్తులకు దిగుతుందని. వీధి వైపు గ్రానైటు ఆడంబరం, బావి వైపు ఆస్పత్రి గోడ లాంటి తెలుపు: ఎడ్వర్డ్ కాలపు వ్యాపార భవనం అసలు స్వభావం చూడాలంటే ఆ బావిలోకే తొంగి చూడాలి. సంస్థ తనకు అక్కరలేని అంతస్తులను మొదటి నుంచీ అద్దెకిచ్చింది. ఇవాళ్టికీ అది కార్యాలయాలున్న భవనమే. 2011లో రాయల్ లైవర్ సంస్థ రాయల్ లండన్‌లో కలిసిపోయింది, 2017లో భవనం అమ్ముడైంది.

రక్షణ గురించి మాట్లాడేముందు ఒక వృత్తిపరమైన మాట చెప్పాలి. వందేళ్లు దాటిన కాంక్రీటుకు ప్రధాన శత్రువు గాలిలోని బొగ్గుపులుసు వాయువు. కాంక్రీటులోని క్షారగుణం ఉన్నంతవరకు ఇనుము తుప్పు పట్టదు. ఆ వాయువు ఏళ్ల తరబడి లోపలికి చొచ్చుకుపోతూ క్షారాన్ని తగ్గిస్తుంది, అది కడ్డీ దాకా చేరిన తరువాత తడి తగిలితే తుప్పు మొదలై, ఉబ్బి, పైపొరను పెచ్చులుగా ఊడదీస్తుంది. 1908 నాటి పనిలో కడ్డీల మీది కాంక్రీటు పొర ఇప్పటి లెక్కకంటే పలచన. అటువంటప్పుడు గ్రానైటు తాపడం అలంకారమే కాదు, చట్రానికి గొడుగు కూడా. రాళ్ల మధ్య అతుకులను సరిగా చూసుకోకపోతే నీరు వెనక్కి చేరుతుంది, చట్రం జబ్బు బయటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది. పరీక్ష కూడా సులువు కాదు. కొత్తగా చెక్కిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే క్షారం మిగిలిన మేర గులాబీ రంగు తేలుతుంది, పోయిన మేర రంగు రాదు. కానీ దానికోసం ఎక్కడో ఒకచోట చెక్కాలి, రక్షిత భవనంలో ఆ చెక్కడానికి కూడా ముందు మాట్లాడుకోవాలి. సామాన్యంగా పైకప్పు కింద, లిఫ్టు గది గోడల్లో, నేలమాళిగలో, ఎవరి కంటా పడని చోట నమూనాలు తీస్తారు.

ఇప్పుడు మీ మూడవ ప్రశ్న. యునెస్కో జాబితా వేరు, చట్టం కాపాడే భవనాల ఇంగ్లండు జాతీయ జాబితా వేరు. 2004లో లివర్‌పూల్ రేవు ప్రాంతం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, 2012లో ప్రమాదంలో ఉన్నవాటి వరుసలోకి వెళ్లింది, ఉత్తర రేవుల్లో తలపెట్టిన భారీ నిర్మాణాల కారణంగా 2021 జూలైలో జాబితా నుంచే పోయింది. ఆ కారణాలలో ఒకటైన కొత్త ఫుట్‌బాల్ మైదానం ఎవర్టన్ క్లబ్బుది, ఆ క్లబ్బు కార్యాలయం అప్పటికి రాయల్ లైవర్ భవనంలోనే ఉండడం ఒక వింత. వీటిలో ఏదీ భవనం చట్టపరమైన హోదాను ముట్టలేదు. రాయల్ లైవర్ ఇప్పటికీ గ్రేడ్ 1, మొత్తం జాబితాలో సుమారు రెండున్నర శాతానికే దక్కే తరగతి. పక్కనున్న రెండూ దాని కింది మెట్టు అయిన గ్రేడ్ 2 స్టార్. 1990 నాటి చట్టం ప్రకారం, భవనం ప్రత్యేకతను ప్రభావితం చేసే ఏ మార్పుకైనా స్థానిక మండలి అనుమతి కావాలి, గ్రేడ్ 1 అయితే చారిత్రక కట్టడాలపై సలహా ఇచ్చే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ అభిప్రాయం కూడా తీసుకోవాలి. అనుమతి లేకుండా చేస్తే అది నేరం: రెండేళ్ల వరకు జైలు, పరిమితి లేని జరిమానా. చాలామంది అపోహపడేది మరొకటుంది, రక్షణ వీధి ముఖానికే అని. కాదు, గోడలు, మెట్లు, లిఫ్టు దారులు, చట్రం, అన్నీ అందులోకే వస్తాయి. దూలంలోంచి ఎయిర్ కండిషనింగ్ గొట్టానికి రంధ్రం తొలచాలన్నా అడగాలి.

యునెస్కో పోవడం వల్ల నిజంగా బలహీనపడింది భవనం కాదు, దాని పరిసరం. ఎదురుగానో వెనుకగానో కొత్త ఎత్తైన మేడ ప్రతిపాదన వచ్చినప్పుడు ఆకాశరేఖ చెడిపోతుందనే వాదనకు ఇంతకుముందు అంతర్జాతీయ హోదా వెన్నుదన్నుగా ఉండేది. ఇప్పుడు ఆ వాదనను రక్షిత భవనపు పరిసరం, సంరక్షణ ప్రాంతం అనే దేశీయ నిబంధనల మీదనే నిలబెట్టాలి. అవి ఉన్నాయి, కోర్టుల్లో నిలుస్తాయి కూడా, కానీ ప్రతిసారీ కొత్త నిర్మాణం వల్ల కలిగే ప్రజా ప్రయోజనంతో తూకం వేసి నిర్ణయిస్తారు.